డబ్ల్యూసీ3270: పైసా ఖర్చు లేని మెయిన్‌ఫ్రేమ్ తెర

ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్‌తో, అంటే బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్‌తో, పని చేయడానికి నేను వాడేది ఓ ఎమ్యులేటర్, అంటే ఐబీఎం వాళ్ల పాత 3270 టెర్మినల్ తెరని పీసీలో చూపించే సాఫ్ట్‌వేర్. ఆ ఎమ్యులేటర్‌లో ఎంటర్ పని చేసేది కుడివైపు కంట్రోల్ కీ. మామూలు ఎంటర్ నొక్కితే కర్సర్ కింది లైనుకు దిగుతుంది, అంతే. ఇరవై ఏళ్లుగా నా చిటికెన వేలికి అదే అలవాటు. మొన్న ఇంట్లో లాప్‌టాప్‌లో డబ్ల్యూసీ3270 అనే ఉచిత ఎమ్యులేటర్ వేసుకుని, లాగాన్ టైప్ చేసి, కుడి కంట్రోల్ నొక్కి కూర్చున్నాను. ఏమీ కదల్లేదు. "బాబాయ్, ఎంటర్ కొట్టాలేమో" అంది పక్కనున్న మా అన్నయ్య కూతురు. మెయిన్‌ఫ్రేమ్ నేర్పిస్తా రమ్మని దాన్ని పిలిచింది నేనే.

ఎక్స్3270 అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ఇది విండోస్ రూపం. 2003లో అమీర్‌పేటలో నేను మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామింగ్ భాష కోబాల్ నేర్చుకునేటప్పుడు రోజుకు గంటసేపే సిస్టమ్ ఇచ్చేవాళ్లు, అదీ కరెంటు ఉంటే. ఇప్పుడు మెయిన్‌ఫ్రేమే లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. హెర్క్యులిస్ అంటే పీసీలో మెయిన్‌ఫ్రేమ్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్. దాని మీద పాత ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8జే నడిపే టీకే4 ప్యాకేజీ వేసుకున్నాం. యూజర్ హెచ్ఈఆర్‌సీ01, పాస్‌వర్డ్ సీయూఎల్8టీఆర్. పలికి చూస్తే "సీ యూ లేటర్" అని తెలిసి మా అన్నయ్య కూతురు పడీపడీ నవ్వింది.

కనెక్షన్ వివరాలు నింపే సెషన్ విజార్డ్ అంటే బటన్లు ఉంటాయనుకోకండి. నల్ల తెర మీద నంబర్లు వేసి అడుగుతుంది, మనం ఒక్కొక్కటీ మార్చుకోవాలి. పోర్ట్ 23 అని ఉంటుంది, మన హెర్క్యులిస్‌కేమో 3270 కావాలి. అది గమనించక పది నిమిషాలు తల గోక్కున్నాం. తెర సైజుకి మోడల్ నంబర్ ఇవ్వాలి. మోడల్ 2 అంటే 24 లైన్లు, 80 కాలమ్స్. మోడల్ 4లో 43 లైన్లు కాబట్టి ప్రోగ్రామ్ చదవడానికి హాయి. 132 కాలమ్స్ రిపోర్టులు చూసేవాళ్లకి మోడల్ 5.

నాకు బాగా నచ్చింది బ్రాకెట్ల సంగతి. ఆఫీసులో కోడ్ పేజీ (ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక) 037 పెట్టి ఉంటే, అవతల 1047లో రాసిన సీ ప్రోగ్రామ్‌లో చదరపు బ్రాకెట్ ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న వై కనిపిస్తుంది. చదరపు బ్రాకెట్లతో పని లేని కోబాల్ వాళ్లకి ఆ బాధ తెలియదు. ఇందులో డిఫాల్ట్ కోడ్ పేజీ పేరే "బ్రాకెట్", ఏమీ ముట్టుకోకుండానే సరిగ్గా వచ్చాయి.

ఇక మమ్మల్ని ముంచిన సంగతి. 3270 తెరలో మనం కొట్టే ప్రతి అక్షరమూ మెషీన్‌కి వెళ్లదు. బ్యాంకులో చలానా మొత్తం నింపి కౌంటర్‌లో ఇచ్చినట్టు, ఎంటరో పీఎఫ్ కీయో (ఎఫ్1, ఎఫ్2 లాంటివి) నొక్కినప్పుడే ఒక్కసారిగా వెళ్తుంది. జవాబు వచ్చేదాకా అడుగు లైన్లో ఇంటూ గుర్తు, కీబోర్డ్ లాక్. నాకు తెలిసిన ఎమ్యులేటర్‌లో ఆ టైంలో ఏం కొట్టినా గాల్లో కలిసిపోతుంది. ఇది మాత్రం వాటిని దాచిపెట్టి, లాక్ తీయగానే పంపేస్తుంది. టైప్‌అహెడ్ అంటారు.

మా అన్నయ్య కూతురు మెషీన్‌కి ఇచ్చిన మొదటి జాబ్ (మెషీన్‌కి అప్పగించే పని) తనంతట తాను ఏ పనీ చేయని ప్రోగ్రామ్ ఐఈఎఫ్‌బీఆర్14, ఖాళీ డేటాసెట్ (ఫైల్) ఒకటి తయారు చేయడానికి. సబ్‌మిట్ కొట్టింది, కదల్లేదనుకుని ఇంకో ఎంటర్ కొట్టింది. జాబ్ నంబర్ వచ్చింది, కింద మూడు చుక్కలు వచ్చాయి, దాచి ఉంచిన రెండో ఎంటర్ వాటిని క్షణంలో తుడిచేసింది. "వెళ్లలేదు బాబాయ్" అని మళ్లీ సబ్‌మిట్ చేసింది. మొదటిది చక్కగా పూర్తయింది. రెండోది ఆ పేరుతో డేటాసెట్ ఇప్పటికే ఉందని జేసీఎల్ (జాబ్‌లో ఏం చేయాలో చెప్పే ఆదేశాల భాష) ఎర్రర్‌తో పడిపోయింది. దానికి ఒకటే టెన్షన్, తన జేసీఎల్‌లో తప్పేంటా అని అరగంట వెతికింది. పక్కన కూర్చుని నాకూ తట్టలేదు, సీనియర్‌ని కదా!

తర్వాత సెషన్ ఫైల్లో టైప్‌అహెడ్‌ని ఫాల్స్ చేశాను. నేర్చుకునేవాళ్లు ముందే చేసుకుంటే మంచిది. ఆల్ట్‌తో 1 నొక్కితే పీఏ1, అంటే నడుస్తున్న పనిని ఆపమని చెప్పే కీ, అది ఓ కాగితం మీద రాసి తెర పక్కన అంటించాం. కుడి కంట్రోల్ మాత్రం ఇప్పటికీ నొక్కుతూనే ఉన్నాను.