గైడ్ లేకుండా ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్: హైదరాబాద్ నుంచి ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ నీళ్లలో దిగకూడదు

హైదరాబాద్‌లో కొరమీను కోసం రబ్బరు కప్ప విసరడం వచ్చినవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో కొందరు ఈమధ్య ఫ్లై రాడ్ (ఈకలు, దారాలతో కట్టిన ఫ్లై అనే తేలికపాటి ఎరను లైన్ బరువుతో విసిరే రాడ్) పట్టుకుని, కుటుంబంతో సముద్రానికి సెలవులకు వెళ్లినప్పుడు రోజుకు రెండు మూడు గంటలు తామే సొంతంగా చేపలు పట్టాలని చూస్తున్నారు. గైడ్‌తో వెళ్లే ఫ్లై ఫిషింగ్ యాత్ర ఖర్చుతో ఇంటిల్లిపాదీ సెలవు గడిపి రావచ్చు కాబట్టి ఆ ఆలోచన సబబే. అయితే గైడ్ లేకుండా వెళ్లేటప్పుడు మంచి రిసార్ట్ ఏది అని కాక, గది నుంచి నడిచి వెళ్లగలిగే ఫ్లాట్ ఎక్కడుంది, అక్కడ పోటు ఏ గంటకు ఎక్కుతుంది అని వెతకాలి. ఫ్లాట్ అంటే పిక్కల నుంచి మోకాలి దాకా లోతుండి, అడుగున ఇసుక కనిపించే తేట నీళ్ల మైదానం. ఈ రెండూ కుదరని చోట ఎంత ఖరీదైన రాడ్ అయినా పెట్టెలోంచి బయటికి రాదు.

మన వాళ్లకు మొదట తట్టేది అండమాన్. పాస్‌పోర్టు అక్కర్లేదు, శంషాబాద్ నుంచి నేరుగా విమానం, కుటుంబానికి చూపించడానికి బోలెడు చోట్లు. కానీ గైడ్ లేకుండా నీళ్లలో నడిచి చేపలు పట్టడానికి మాత్రం అండమాన్ వద్దని గట్టిగా చెబుతాం. కారణం ఉప్పునీటి మొసళ్లు. అవి మడ అడవుల కాలువల్లో ఉంటాయి, బీచ్‌లకూ వస్తాయి. 2010లో స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత పేరు హావ్‌లాక్‌లో, నీళ్లలో ఉన్న ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. ఫ్లై ఫిషింగ్‌కు బాగా అనువుగా కనిపించే చోటు కాలువ మూతి, మొసలి తిరిగేదీ అక్కడే. పైగా వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులో, రాణీ ఝాన్సీ పార్కులో చేపలు పట్టకూడదు, గిరిజన రిజర్వుల ఒడ్డుకు పోనే కూడదు. ఏ గీత ఎక్కడుందో స్థానిక పడవవాడికి తెలుస్తుంది, మనకు తెలియదు. అండమాన్ వెళ్తే లైసెన్సున్న పడవ మాట్లాడుకుని, పడవలోంచే పెద్ద పార చేపలకు విసరండి. అక్కడ ఆ డబ్బు వృథా కాదు.

లక్షద్వీప్ లగూన్లు (పగడపు దిబ్బల లోపలి తేట నీళ్లు) చూస్తే ఫ్లై రాడ్ ఉన్నవాడి చేయి ఆగదు. కానీ మన దేశస్థులకూ ప్రవేశ అనుమతి కావాలి, విమానం కొచ్చి నుంచి అగత్తికి, బస ఎక్కువగా ముందే ఖరారైన కార్యక్రమం ప్రకారం ఉంటుంది. అనుమతి చేతికొచ్చాక మంచిదే. పోటును చూసి తేదీలు ఎంచుకోవడం మాత్రం అక్కడ కష్టం.

సీషెల్స్‌లో పేరున్న బోన్‌ఫిష్ (ఫ్లాట్లలో తిరిగే వెండి రంగు చేప), జీటీ (జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద పార చేప) వేటంతా దూరపు అటోల్స్‌లో (వలయాకారపు పగడపు దీవుల్లో), గైడ్‌తో, లక్షల్లో. మాహే, ప్రాలిన్, లా డీగ్ దీవుల ఒడ్డున సొంతంగా విసరవచ్చు, కానీ అది కొండలూ బీచ్‌లూ చూసే సెలవులో పక్క పనిగా మాత్రమే.

మిగిలింది మాల్దీవులు, అందులోనూ రిసార్ట్ దీవులు కాక జనం నివసించే దీవులు. 2009 తర్వాత వీటిలో గెస్ట్‌హౌస్‌లకు అనుమతి వచ్చింది. భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు మాల్దీవుల ఇమిగ్రేషన్ వాళ్ల ఐముగా వెబ్‌సైట్‌లో ట్రావెలర్ డిక్లరేషన్ నింపాలి, తిరుగు ప్రయాణానికి మళ్లీ నింపాలి. 50 గదుల లోపు గెస్ట్‌హౌస్‌లో మనిషికి రాత్రికి 6 డాలర్ల గ్రీన్ టాక్స్ ఉంటుంది. ఇది గది అద్దెలో కలిసిందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి, నలుగురు వారం రోజులుంటే 168 డాలర్ల తేడా. మద్యం సీసా తీసుకెళ్తే విమానాశ్రయంలోనే పట్టేసుకుంటారు.

ఏ దీవి అన్నది అసలు ప్రశ్న. మాఫుషి మాలేకు దగ్గర, చవక, గదులు బోలెడు. అందుకే అక్కడ జెట్ స్కీలు, జనం, స్నానాల బీచ్, చేపలకు చోటు లేదు. కుటుంబం సరదాకు రెండు రోజులు సరిపోతుంది, అంతే. ఫ్లై రాడ్‌తో వెళ్లేవాళ్లకు మా ఓటు రోడ్డుతో కలిసిన దీవుల గుంపులకు: దక్షిణాన అడ్డూ, లాము. అడ్డూలో గన్ నుంచి ఫెయిధూ, మరధూ మీదుగా హితధూ దాకా రోడ్డు ఉంది. లాములో గన్ (పేరు ఒకటే, దీవి వేరు), మాంధూ, కద్ధూ, ఫొనధూ అలాగే కలిసి ఉన్నాయి. స్కూటర్ అద్దెకు తీసుకుంటే ఒకే రోజులో గాలి అటు వీస్తే ఇటు ఒడ్డుకు, పొద్దున ఒక ఫ్లాట్, మధ్యాహ్నం ఇంకో ఫ్లాట్. చిన్న దీవిలో గాలి ఎదురు తిరిగిందంటే ఆ రోజుకు అంతే, వేరే ఒడ్డే ఉండదు. రెండు చోట్లా దేశీయ విమానం దిగుతుంది కాబట్టి ఖర్చు పెరుగుతుంది, మాలే నుంచి స్పీడ్‌బోటు దూరంలో ఉన్న దీవులతో పోలిస్తే గణనీయంగానే. ఆ తేడా పెట్టదగ్గదే. హితధూ ఉత్తర కొస సంరక్షిత ప్రాంతం, అక్కడ రాడ్ తీయవద్దు. మిగతా చోట్ల కూడా దిగే ముందు గెస్ట్‌హౌస్ వాళ్లను, అవసరమైతే దీవి కౌన్సిల్ ఆఫీసును అడిగి దిగాలి. రిసార్ట్‌ల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు వాళ్లవే అనుకుని దూరంగా ఉండండి.

కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. మే నుంచి నైరుతి గాలి, మబ్బు. మబ్బు పట్టిన రోజు నీళ్లలో చేప కనిపించదు, కనిపించని చేపకు ఫ్లై వేయడం గుడ్డి పని.

పంచాంగంలో పోటు

తేదీలు ఖాయం చేసేముందు తిథి చూడండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్లు బాగా పెద్దవి, అష్టమి దాటాక మందం. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అందువల్ల ఒక దీవిలో అమావాస్యనాడు నిండు పోటు ఏ గంటకు వస్తుందో పట్టికలో ఒకసారి చూసుకుంటే, పౌర్ణమికీ దాదాపు అదే గంట. అష్టమికి అదే గంటకు ఆటు అడుగంటి ఉంటుంది. మనకు కావలసింది ఎండ నెత్తిమీద ఉన్న వేళ, పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 3 లోపు, నీళ్లు ఎక్కే మొదటి రెండు మూడు గంటలు. ఆటు అడుగంటినప్పుడు ఫ్లాట్ అంచు లోతులో కాచుకున్న చేప, నీళ్లు చీలమండ దాటగానే తిండికి పైకి వస్తుంది. కాబట్టి పొద్దున 8, 9 గంటలకు ఆటు అడుగంటే వారాన్ని వెతికి టికెట్ కొనాలి. చవక టికెట్ దొరికిన వారానికి వెళ్లి, నీళ్లు ఎక్కే మొదటి గంటలు సూర్యోదయానికే ముగిసిపోయే రోజులు తగిలితే ఆ రోజుల్లో ఖాళీ నీళ్లే చూస్తారు. మాల్దీవుల గడియారం మనకంటే అరగంట వెనక. ఫోన్‌లో పోటు పట్టిక ఏ సమయం చూపిస్తోందో సరిచూసుకోండి.

మాల్దీవుల్లో పోటు ఎత్తు పెద్దగా ఒక మీటరు. తక్కువే అనిపిస్తుంది. కానీ ఫ్లాట్ మధ్యలో నిలబడ్డప్పుడు మీకూ ఒడ్డుకూ మధ్య పల్లం ఉంటే, ముందుగా నిండేది ఆ పల్లమే. వెళ్లేటప్పుడు ఎక్కడ ఎంత లోతు దాటారో గుర్తు పెట్టుకోండి, నీళ్లు తొడ దాకా రాగానే తిరిగిరండి. దిబ్బల మధ్య కాలువలో ప్రవాహం నిలబడ్డ మనిషిని కాళ్లతో సహా లాగేస్తుంది. ఈతగాడైనా సరే, కాలువ అంచుకు ఒంటరిగా పోకూడదు.

సామాను

మొదటిసారికి ఒక్క రాడ్ చాలు: 9 అడుగుల 8 వెయిట్, నాలుగు ముక్కలది. వెయిట్ అంటే రాడ్ ఎంత బరువు లైన్‌కు సరిపోతుందో చెప్పే అంకె. గాలి ఎక్కువ ఉండే నెలైతే 9 వెయిట్. జీటీ మీద మనసుంటే 12 వెయిట్ వేరే సెట్ కావాలి. 8 వెయిట్‌తో పెద్ద జీటీకి విసరడం చేపకూ రాడ్‌కూ హాని.

నాలుగు ముక్కల్లో ఒక్కోటి సుమారు 70 సెంటీమీటర్లు, గొట్టంతో 76 నుంచి 78. కేబిన్ బ్యాగ్ కొలత 55, 35, 25 సెంటీమీటర్లు, అందులో మూల నుంచి మూలకు కూడా 70 రాదు. చెక్-ఇన్ పెద్ద సూట్‌కేస్‌లో ఐమూలగా పడుతుంది. కొక్కేలు, ప్లయర్, కత్తెర కేబిన్‌లో పెడితే భద్రతా తనిఖీలో ఆగిపోతాయి, రీల్ మాత్రం చేతి సంచిలో ఉంచుకోండి.

లైన్ విషయంలో పిసినారితనం వద్దు. ట్రౌట్ కోసం చేసిన లైన్ చల్లనీళ్లకు చేసింది. 30 డిగ్రీల నీళ్లలో అది మెత్తబడి, రాడ్ రింగులకు అతుక్కుని, వేయాల్సిన దూరంలో సగమే పోతుంది. ట్రాపికల్ అని రాసి ఉన్న ఫ్లోటింగ్ లైన్ తీసుకోండి. ఇక్కడి దుకాణాల్లో స్పిన్నింగ్ సామాను దొరికినంత సులువుగా ఫ్లై లైన్ దొరకదు, రెండు నెలల ముందే తెప్పించుకోవాలి. బ్యాకింగ్ (ఫ్లై లైన్ వెనక రీల్ అడుగున చుట్టే దారం) 30 పౌండ్లది 180 మీటర్లు. లీడర్ (లైన్‌కూ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి తీగ) 9 నుంచి 12 అడుగులు, కొసన 12 నుంచి 16 పౌండ్ల ఫ్లోరోకార్బన్.

ఫ్లైలు: ఇసుక రంగు, తెలుపు, లేత గులాబీ రొయ్య ఫ్లైలు 24, సైజు 4 నుంచి 8. పీత ఫ్లైలు 6, పార చేపలకు క్లౌజర్లు (చిన్న చేపలా కనిపించే బరువు ఫ్లైలు) 6. రంగు కంటే బరువు ముఖ్యం. చీలమండ లోతులో బరువు లేనివి, మోకాలి లోతులో గొలుసుపూస కళ్లు ఉన్నవి, అంతకంటే లోతైతే సీసం కళ్లు ఉన్నవి. చీలమండ లోతు నీళ్లలో సీసం కళ్ల ఫ్లై టప్పున పడిందంటే పది గజాల మేర చేపలు కనబడకుండా పోతాయి. కొక్కేల ఎదురు ముళ్లను ప్లయర్‌తో ఇంట్లోనే నొక్కేయండి.

కాళ్లకు గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి, చెప్పులూ రబ్బరు సాక్సులూ కావు. రాయిచేప ఇసుకలో రాయిలా పడి ఉంటుంది, దాని వెన్నుముల్లు మెత్తటి అడుగును చీలుస్తుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, 30 నుంచి 90 నిమిషాలు కాలు పెట్టి ఉంచి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. టేకు చేపను (స్టింగ్‌రే) తొక్కకుండా ఇసుకలో అడుగు ఎత్తకుండా ఈడుస్తూ నడవాలి. శంఖాలు ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు, కొన్నింటి కాటు ప్రాణం తీస్తుంది. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి ఒడ్డుకు రండి, కార్బన్ రాడ్ కరెంటును పట్టుకుంటుంది.

గ్రౌండ్‌లో నేర్చుకోవలసింది

ఇక్కడే ఒక నెల సాధన చేస్తే అక్కడ మూడు రోజులు మిగులుతాయి. కాలనీ క్రికెట్ గ్రౌండ్ మంచి కొలబద్ద: వికెట్ నుంచి వికెట్‌కు 66 అడుగులు. పిచ్ సగం దాటిన చోట, 40 అడుగుల దగ్గర, ఒక పళ్లెం పెట్టి రెండు వెనక విసుర్లలో దాని పక్కన ఫ్లై పడేలా చేయాలి. ఆ తర్వాత 50, 60. అదీ గాలికి ఎదురుగా. పొద్దున మంచు ఆరని గడ్డి మీదే, పాత లైన్‌తో. మన ఎర్రమట్టి గరుకు కొత్త లైన్ పూతను వారంలో గీరేస్తుంది. ఫ్లై బదులు కొక్కెం కోసేసిన పీచు కట్టండి.

కొరమీను వేటలో అలవాటైన ఒక్క పని మాత్రం మానాలి. కొరమీను కప్పను మింగగానే రాడ్ పైకి గుంజుతాం. బోన్‌ఫిష్‌కు అలా చేస్తే ఫ్లై దాని నోట్లోంచి జారిపోతుంది, చేప బెదురుతుంది. ఇక్కడ రాడ్ నీళ్ల వైపే చూస్తుండాలి, ఎడమ చేత్తో లైన్‌ను పొడుగ్గా, గట్టిగా లాగాలి. బరువు తగిలాకే రాడ్ లేపాలి. చేప మీదికి వస్తున్నప్పుడు దాని ముందు మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో ఫ్లై వేయండి. అడుగు తాకనివ్వండి, జానెడు లాగండి, చేప తిరిగి వెంట పడితే ఆపండి. ఆపిన చోటే తోక పైకి లేస్తుంది, అదే లాగాల్సిన క్షణం. తగిలాక మొదటి పరుగులో తెగేది సగం సార్లు కాలి చుట్టూనో, రీల్ పిడికో, చొక్కా గుండీకో లైన్ చుట్టుకోవడం వల్లే. చేపను చూడొద్దు, కాళ్ల దగ్గరున్న లైన్‌ను చూడండి. మిగతా సగం ముడి తడపకుండా బిగించడం వల్ల, పగడాలకు రాసుకున్న టిప్పెట్‌ను, అంటే లీడర్ చివరి సన్నటి ముక్కను, మార్చకపోవడం వల్ల. ప్రతి చేప తర్వాత చివరి అడుగు మీద గోరు నడపండి, గరుకు తగిలితే కోసేయండి.

చిన్న నల్లరెక్క సొరలు చుట్టూ తిరుగుతుంటే అక్కడ విసరడం ఆపండి. అలసిన చేపను వదిలితే వాటి నోట్లోకే. ఇప్పటికే తగిలిన చేపను సొర తరుముతుంటే డ్రాగ్ (రీల్ బ్రేకు) పూర్తిగా వదులు చేయండి, పట్టు విడిచి పారిపోనివ్వండి. మాల్దీవుల్లో ఇలాంటి సొరలను, టేకు చేపలను పట్టడం నేరం.

గెస్ట్‌హౌస్, పడవ

వాట్సాప్‌లో మాట్లాడేటప్పుడు స్విమ్మింగ్ పూల్ గురించి కాదు, ఈ మూడూ అడగండి. ఇసుక ఫ్లాట్‌కు నడక ఎంత, 15 నిమిషాలు మించితే స్కూటర్ ఇస్తారా. పోటు వేళకు పొద్దున 6 గంటలకే టిఫిన్ కట్టి ఇస్తారా. బయట మంచినీళ్ల కుళాయి, రాడ్ ఆరబెట్టే నీడ ఉన్నాయా. తిండి ఎక్కువగా ట్యూనా, కొబ్బరి. మస్ హునీ (ట్యూనా, కొబ్బరి కలిపినది), రోషీ (రొట్టె) టిఫిన్ మనవాళ్లకు సులువుగా పడుతుంది, పచ్చి మిరపకాయ ఘాటు కూడా ఉంటుంది. శాకాహారులు ముందే చెప్పి, చెక్-ఇన్‌లో పచ్చడి సీసా పెట్టుకోవడం మంచిది.

ఇసుకతిన్నె మీద దింపి వెళ్లే పడవ సేవ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. తీసుకుంటే తిరిగి వచ్చే గంటను నిండు పోటుకు రెండు గంటల ముందుకు ఖాయం చేసుకోండి, ఎందుకంటే చాలా తిన్నెలు పోటులో మునిగిపోతాయి. పడవవాడి నంబరు, సిగ్నల్ ఉన్న సిమ్, నీళ్లు తాకని సంచిలో ఫోన్, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ లేకుండా దిగకూడదు. శుక్రవారం ఫెర్రీలు చాలామటుకు నడవవు, ఆ రోజు దీవి మారే ప్రణాళిక పెట్టుకోకండి.

రోజూ సాయంత్రం రీల్ డ్రాగ్ బిగించి సన్నటి ధారతో కడగండి, ఎక్కువ ఒత్తిడితో కొడితే ఉప్పునీళ్లు లోపలికి పోతాయి. కడిగాక డ్రాగ్ వదులు చేసి ఆరబెట్టండి. వాడిన ఫ్లైలను మంచినీళ్లలో ముంచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. తడి ఫ్లై ఒకటి ఉన్నా మూడో రోజుకు పెట్టెలో అన్నింటికీ తుప్పు పడుతుంది. హైదరాబాద్ వచ్చాక లైన్‌ను బ్యాకింగ్ దాకా విప్పి, గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో అరగంట నానబెట్టి, నీడలో ఆరనిచ్చి చుట్టండి. బ్యాకింగ్ అడుగున దాగిన ఉప్పు ఎండాకాలం అల్మారాలో ఉండగానే రీల్‌ను తినేస్తుంది.