చురుకైన పిల్లల్ని గుర్తించడానికి ఏది మేలు: టీచరు చూపా, ఐక్యూ పరీక్షా?

ముందు మార్కుల సంగతి తేల్చేద్దాం. తరగతి పేపర్లో వందకు వంద తెచ్చుకున్న ఐదుగురి మధ్య తేడా ఆ పేపరుకు అందదు. అది తెలియాలంటే రెండు మూడేళ్లు పైతరగతి పేపరు ఇవ్వాలి. మనస్తత్వవేత్త జూలియన్ స్టాన్లీ 1971లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన అధ్యయనంలో 12, 13 ఏళ్ల పిల్లలకు కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్ పెట్టింది అందుకే.

అసలు పోటీ టీచరు పరిశీలనకూ ఐక్యూ పరీక్షకూ మధ్య.

ఒకటి రెండుసార్లు వినగానే పట్టేయడం, సూత్రం ఎక్కడ పనిచేయదో అడగడం, మెట్లు రాయకుండా జవాబుకు చేరడం, తేలిక హోంవర్కును సగంలో వదిలి కష్టమైన లెక్కతో గంటసేపు కుస్తీ పట్టడం, ఇవి రోజూ చూసేవాళ్లకే తెలుస్తాయి. చిక్కేమిటంటే, "మీ క్లాసులో తెలివైనవాళ్లెవరు?" అని అడిగితే చక్కని చేతిరాత, వినయం, ముందుగా లేచే చెయ్యి గుర్తొస్తాయి. విసుగెత్తి అల్లరి చేసేవాడు, నోరు విప్పని పిల్ల జాబితాలోకి రారు. అందుకే ఈ లక్షణాల చెక్‌లిస్టును పిల్లల వారీగా కాకుండా లక్షణాల వారీగా నింపాలి: ఒక లక్షణం తీసుకుని తరగతి మొత్తానికీ వేసి, తర్వాతే రెండోదానికి వెళ్లాలి. లేదంటే మొదటి గుణం మీద కలిగిన అభిప్రాయం మిగతా గళ్లన్నిటికీ అంటుకుంటుంది. ప్రతి టిక్కు పక్కన తేదీతో ఒక సంఘటన రాయాలి. పుట్టిన నెల కూడా చూడండి. తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లకు తరచూ అన్యాయం జరుగుతుంది.

పరీక్షకు ఈ పక్షపాతం తక్కువ. రేవెన్ మాత్రికలు అనే పరీక్ష ప్రామాణిక రూపంలో 60 ప్రశ్నలూ బొమ్మలే, కాబట్టి చదవడం వెనకబడినవాళ్లకూ పెట్టొచ్చు. కానీ ఒక్క అంకెను గుడ్డిగా నమ్మితే దెబ్బ తింటాం. సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత పరుచుకున్నాయో చెప్పే అంకె) 15, విశ్వసనీయత (ఫలితం ఎంత నిలకడగా వస్తుందో, గరిష్ఠం 1) 0.90 ఉన్న పరీక్షలో ప్రామాణిక దోషం, అంటే ఒక స్కోరు అటూ ఇటూ ఊగే మోతాదు, దాదాపు 4.7. అంటే కటాఫ్ (ఎంపికకు కావాల్సిన కనీస స్కోరు) 130 అయితే, 127 వచ్చిన పిల్ల అసలు స్థాయి దాన్ని దాటి ఉండొచ్చు. అమెరికన్ మనస్తత్వవేత్త టెర్మన్ తెలివైన పిల్లల అధ్యయనం కోసం 1921లో మొదలుపెట్టిన ఎంపికలో కటాఫ్ అందుకోలేకపోయిన షాక్లీ, అల్వారెజ్ ఇద్దరికీ తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లల్లోనైతే మాటల విభాగంలో 135, వేగంలో 90 రావచ్చు. మొత్తం స్కోరు రెండింటినీ కలిపేసి 'మామూలే' అనిపిస్తుంది. విభాగాల మధ్య 23 పాయింట్లు, అంతకు మించి తేడా ఉంటే మొత్తం స్కోరును పక్కన పెట్టి విడివిడిగా చదవాలి.

ఒక్కటే ఎంచుకోవాలంటే మా ఓటు పరీక్షకే, అదీ టీచరు పంపినవాళ్లకు కాకుండా తరగతి మొత్తానికీ పెడితేనే. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పెద్ద స్కూల్ జిల్లా 2005లో రెండో తరగతి పిల్లలందరికీ ముందస్తు పరీక్ష మొదలుపెట్టింది. అర్హత ప్రమాణం మార్చకుండానే, ప్రతిభావంతులుగా ఎంపికైన పేద, నల్లజాతి, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లల సంఖ్య బాగా పెరిగింది.

రెండూ వాడేచోట జోడించే తీరులోనే పెద్ద తప్పు జరుగుతుంది. ఉదాహరణకు ఒక్కోటీ నిజంగా చురుకైన పదిమందిలో ఏడుగురిని పడుతుందని, రెంటి పొరపాట్లకూ సంబంధం లేదని అనుకుందాం. రెండూ పాసవ్వాలంటే మిగిలేది దాదాపు ఐదుగురు. ఏ ఒక్కటి చాలన్నా తొమ్మిదిమంది. కొందరు పొరపాటున లోపలికి వస్తారు, నిజమే. కష్టమైన పని ఇచ్చి కొన్ని వారాలు చూస్తే వాళ్లెవరో తెలుస్తుంది. కటాఫ్‌కు పది పాయింట్ల లోపు ఆగిపోయినవాళ్లకు ఏడాది తర్వాత మళ్లీ పెట్టండి, వేరే పరీక్షతో. అదే పేపరైతే అలవాటు వల్లే కొన్ని పాయింట్లు పెరుగుతాయి.