కొత్త ల్యాప్‌టాప్‌లో చెత్త యాప్‌లు: ఏరి తీసేద్దామా, రీసెట్ కొడదామా, విండోస్ మళ్లీ వేసుకుందామా?

జూన్ నుంచి ఆగస్టు దాకా నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ఒక్క ప్రశ్న మీదే ఉంటాయి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోతుంది, సీటు ఖాయమవుతుంది, వారం తిరక్కుండా ల్యాప్‌టాప్ కొంటారు. పెట్టె విప్పి ఆన్ చేసిన సాయంత్రమే ఫోన్ వస్తుంది: “బాబాయ్, కొత్తదే గానీ లోపల ఏవేవో యాప్‌లు నిండిపోయి ఉన్నాయి. అన్నీ పీకేసి విండోస్ ఫ్రెష్‌గా వేసేద్దామా?” ఇన్నాళ్లూ అడిగినవాళ్లను బట్టి ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పాను. పోయిన నెల మా మేనకోడలికి కొన్న ల్యాప్‌టాప్ ముందు నేనే కూర్చుని అన్నీ చూశాక నా లెక్క తేలింది.

ముందు, ఆ మొదటి సాయంత్రం తెర మీద ఏముందో చెబుతాను. ముప్పై రోజుల ట్రయల్ యాంటీవైరస్ ఒకటి, కుడివైపు కింద మూల నుంచి పది నిమిషాలకోసారి పైకి లేస్తోంది. రెండు ఆటలు, ఒక క్లౌడ్ స్టోరేజీ ఆఫర్, ఒక షాపింగ్ లింకు. వీటితోపాటు కంపెనీవాళ్ల సొంత యాప్‌లు ఐదు. అసలు చిక్కు ఈ ఐదింటితోనే. వాటిలో రెండు ఉత్త ప్రచారం. మిగతా మూడింటిలో ఒకటి బ్యాటరీ ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపుతుంది, ఒకటి ఫ్యాన్ వేగం చూసుకుంటుంది, ఒకటి లేకపోతే కీబోర్డు పైవరసలో ఉండే బ్రైట్‌నెస్, మైక్ మ్యూట్ మీటలు సరిగ్గా పనిచేయవు. చెత్త అని అన్నిటినీ ఒకే గంపలో వేస్తే ఇవీ పోతాయి.

మొదటి దారి, ఒక్కొక్కటే ఏరి తీసేయడం. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్. ఇది మీకు తెలిసిందే. ఇరవై నిమిషాల పని. యాంటీవైరస్ తీసేస్తే రక్షణ పోతుందేమోనని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు, అది పోగానే విండోస్‌లోని డిఫెండర్ దానంతటదే పనిలోకి దిగుతుంది. కాకపోతే యాంటీవైరస్‌లు మామూలుగా తీసేసినా కొన్ని ముక్కలు మిగిలిపోతాయి. మెకాఫీ, నార్టన్ లాంటి వాళ్లు వాటిని పూర్తిగా ఊడ్చడానికి విడిగా రిమూవల్ టూల్ ఇస్తారు, ఆఖర్న దాన్ని కూడా నడపాలి.

ఈ దారిని ఎవరైనా తీసిపారేస్తే నేను ఒప్పుకోను. పదిమందిలో ఆరుగురికి ఇది చాలు. కానీ యాప్ పోయినంత మాత్రాన అది పెట్టినవన్నీ పోవు. దీనికి పెద్ద ఉదాహరణ 2015లో బయటపడిన సూపర్‌ఫిష్ వ్యవహారం. 2014 చివర్లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో ఈ ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ని ముందే వేసి పంపారు. తాళం గుర్తు ఉన్న సురక్షిత పేజీల్లోకి కూడా దూరడానికి అది విండోస్‌లో తన సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైటు అసలైనదో నమ్మడానికి బ్రౌజర్ ఆధారపడే ముద్ర) పెట్టుకుంది. అన్ని మెషీన్లలోనూ ఒకటే రహస్య కీ. అది చేతికి చిక్కినవాడు మీ బ్యాంకు సైటులా నటించినా మీ బ్రౌజర్ నమ్మేస్తుంది. జనం కంగారుపడి సూపర్‌ఫిష్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశారు. ప్రోగ్రామ్ పోయింది, సర్టిఫికెట్ మాత్రం అలాగే ఉండిపోయింది. చివరికి దాన్ని తీయడానికి వేరే టూల్ విడుదల చేయాల్సి వచ్చింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో లెనోవో రాజీ కుదుర్చుకునేదాకా వెళ్లిందా గొడవ. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అలాంటివి ఉన్నాయని నేననడం లేదు. నెట్ బ్యాంకింగ్ చేసుకునే మెషీన్‌లో ముందే ఏం పెట్టారో తెలియకుండా ఉండటం నాకు నచ్చదు, అంతే.

రెండో దారి రీసెట్. సెట్టింగ్స్‌లోని రికవరీలో ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కితే చివర్లో రెండు దారులు చూపిస్తుంది, క్లౌడ్ డౌన్‌లోడ్, లోకల్ రీఇన్‌స్టాల్. చాలామంది నెట్ డేటా ఖర్చు కాదని లోకల్ నొక్కేస్తారు. అది డిస్కులో ఉన్న ఫైళ్లతోనే విండోస్‌ని మళ్లీ నిలబెడుతుంది. క్లౌడ్ డౌన్‌లోడ్ అయితే మైక్రోసాఫ్ట్ నుంచి కొత్త కాపీ తెచ్చుకుంటుంది. నాలుగు జీబీ పైనే డేటా అవుతుంది, కాబట్టి హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టొద్దు. కంపెనీవాళ్లు పెట్టిన యాప్‌లు తిరిగి పెట్టాలా అని అడిగే మీట కొన్ని మోడళ్లలో ‘ఛేంజ్ సెట్టింగ్స్’ లోపల కనిపిస్తుంది, దాన్ని ‘నో’ చేయాలి. అది కనిపించని మోడళ్లలో రీసెట్ అయ్యాక ఆ యాప్‌లు మళ్లీ ప్రత్యక్షమవుతుంటాయి, ఎందుకంటే కంపెనీ వాటి ప్యాకేజీలను రికవరీ ఫోల్డర్‌లో దాచిపెడుతుంది.

అయినా రీసెట్‌కి ఒక పెద్ద గుణం ఉంది: డ్రైవర్లను, అంటే వైఫై, టచ్‌ప్యాడ్ లాంటి భాగాలను నడిపించే చిన్న ప్రోగ్రామ్‌లను, ముట్టుకోదు. నా దృష్టిలో మొత్తం చర్చ తేలేది ఇక్కడే.

ఏ పద్ధతి ఎక్కువ చెత్త తీస్తుందనే అందరూ అడుగుతారు. మూడు పద్ధతులూ చాలావరకు తీస్తాయి. తీశాక వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్, ఎంఎస్ ఆఫీస్ మిగులుతాయా అన్నదే అసలు ప్రశ్న. అది చూసుకోకుండా మూడో దారికి, అంటే డిస్కు తుడిచేసి విండోస్‌ని మొదటి నుంచి వేసే క్లీన్ ఇన్‌స్టాల్‌కి, దిగితే ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

మూడేళ్ల కిందట ఒక ఫ్రెండ్ ల్యాప్‌టాప్ మీద నేను సరిగ్గా అదే చేశాను. పెన్‌డ్రైవ్ పెట్టి, సెటప్ నడిపి, విండోస్ ఎక్కడ వేయాలి అనే తెర దాకా వచ్చాను. అక్కడ పెట్టె ఖాళీ. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో ఒక్క డ్రైవు కూడా కనిపించలేదు. పదకొండో తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. దాని డ్రైవర్ ఇస్తే తప్ప సెటప్‌కి డిస్కు కనిపించదు. వేరే కంప్యూటర్ వెతుక్కుని ఆ డ్రైవర్ తెచ్చి ఎలాగో గట్టెక్కాం. తర్వాత నెట్‌వర్క్‌కి కనెక్ట్ అవ్వమనే తెర వచ్చింది, వైఫై జాబితా ఖాళీ. టచ్‌ప్యాడ్ మీద వేలు జరిపితే బాణం కదలదు. నెట్ లేకుండా సెటప్ ముందుకు వెళ్లనివ్వదు, వైఫై డ్రైవర్ కావాలంటే నెట్ ఉండాలి. చివరికి ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే దారి దొరికింది. తెల్లారేసరికి పని అయింది గానీ అంత అవస్థ ఎవరికీ వద్దు.

ఆ అవస్థ తప్పడానికి పావుగంట ముందుపని చాలు. అందుకే నా ఓటు మూడో దారికి, క్లీన్ ఇన్‌స్టాల్‌కి. పాత విండోస్ ఇంకా ఉండగానే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పీఎన్‌పీయుటిల్ అనే టూల్‌లోని ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ ఆప్షన్‌తో మెషీన్‌లో కంపెనీవాళ్లు వేసిన డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి తీసుకోండి. ఇది విండోస్‌లోనే ఉంటుంది, ఏమీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. మేనకోడలి మెషీన్‌లో ఆ ఫోల్డర్ మూడు జీబీకి కాస్త తక్కువ వచ్చింది. విండోస్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌కి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. 16 జీబీది తీసుకుంటే విండోస్ తయారయ్యాక డ్రైవర్ల ఫోల్డర్ కూడా అందులోనే పడుతుంది. పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు దానిలో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి డ్రైవర్లు తర్వాతే కాపీ చేయాలి. డిస్కు కనిపించని తెర వస్తే ‘లోడ్ డ్రైవర్’ నొక్కి ఆ ఫోల్డర్‌లో ఐఏస్టార్‌వీడీ అని మొదలయ్యేదాన్ని చూపిస్తే ఎస్ఎస్‌డీ కనిపిస్తుంది. విండోస్ వేశాక డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్నవాటికి అదే ఫోల్డర్ చూపిస్తే సరి.

లైసెన్స్ గురించి భయం వద్దు. విండోస్ 8 కాలం నుంచి, అంటే 2012 నుంచి, కంపెనీ ల్యాప్‌టాప్‌ల కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే, అంటే డిస్కు తుడిచినా పోని సాఫ్ట్‌వేర్‌లోనే, ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. సెటప్ ఆ కీ చదువుకుని ఎడిషన్ కూడా తనే ఎంచుకుంటుంది. నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

ఆఫీస్ అలా కాదు. మన దేశంలో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌ల ధరలో ఒక శాశ్వత ఆఫీస్ లైసెన్స్ కలిపే ఇస్తారు. దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ఎక్కించుకోకుండా డిస్కు తుడిచేస్తే దాన్ని తిరిగి తెచ్చుకోవడం పెద్ద ప్రయాస. అందుకని అన్నిటికంటే ముందు వర్డ్ తెరిచి, పిల్లల సొంత అకౌంట్‌తో సైన్ ఇన్ చేసి, యాక్టివేట్ అయిందని కళ్లారా చూసుకోండి. పిల్లల అకౌంట్ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, దుకాణంలో సెటప్ చేసేటప్పుడు అక్కడి కుర్రాడి మెయిల్‌తోనో నాన్న ఆఫీసు మెయిల్‌తోనో పని కానిచ్చేస్తుంటారు. ఆఫీస్ లైసెన్సూ, డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కూడా ఆ అకౌంట్‌లోకే వెళ్తాయి. రేపు బ్లూ స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగితే ఎవర్ని అడుగుతారు? ఇప్పటి విండోస్ 11లో ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు మనకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

క్లీన్ ఇన్‌స్టాల్ చేసినా మైక్రోసాఫ్ట్ సొంత సరుకు వస్తుంది, క్లిప్‌చాంప్, ఎక్స్‌బాక్స్ లాంటివి. అవి కుడి క్లిక్‌తో నిమిషంలో పోతాయి. ఫర్మ్‌వేర్‌లోంచి వచ్చేవి వేరే సంగతి. విండోస్ కొత్తగా వేసినా బయోస్ (ఆ మదర్‌బోర్డు ఫర్మ్‌వేరే) తన సాఫ్ట్‌వేర్‌ని లోపలికి పంపే సదుపాయం ఒకటుంది. అసుస్ మెషీన్లలో ఆర్మరీ క్రేట్ అనే ఆ కంపెనీ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసుకోమని మొదటి రోజే అడిగేది అలాగే. బయోస్‌లో దాని సెట్టింగ్ ఉంటే ఆపేయొచ్చు.

కంపెనీ రికవరీ పార్టిషన్ కూడా తుడిచేస్తే ఫ్యాక్టరీ స్థితికి వెళ్లే దారి పోతుంది. మీకు అది కావాలనుకుంటే ముందే రికవరీ డ్రైవ్ చేసి పెట్టుకోండి. నేను చేసుకోలేదు, మళ్లీ ఆ ఆటలూ ఆఫర్లూ నాకెందుకు అనిపించింది.

మిగతావి రెండు ముక్కల్లో. చెత్త యాప్‌లను ఒక్కసారే ఊడ్చేసే డీబ్లోట్ స్క్రిప్టులు గిట్‌హబ్‌లో దొరుకుతాయి, పనిచేస్తాయి, కానీ ఏ లైను ఏం చేస్తుందో చదవగలిగినవాళ్లే వాడాలి. లినక్స్ వేసుకోమనేవాళ్లుంటారు. మంచిదే, కాకపోతే కాలేజీ ల్యాబ్‌లో విండోస్ సాఫ్ట్‌వేర్ అడిగితే మొదటికొస్తుంది.

దుకాణంలో ఇచ్చి చేయించడం మాత్రం వద్దే వద్దు. మా బంధువుల అబ్బాయి ఐదువందలిచ్చి ‘క్లీన్’ చేయించాడు. తిరిగొచ్చిన మెషీన్‌లో హోమ్ ఎడిషన్ బదులు విండోస్ ప్రో ఉంది, దాన్ని క్రాక్‌తో యాక్టివేట్ చేశారు. డబ్బు పెట్టి కొన్న ఆఫీస్ లేదు, దాని స్థానంలో ఇంకో దొంగ కాపీ. సక్రమమైన లైసెన్స్ మదర్‌బోర్డులో ఉండగా క్రాక్ ఎందుకు పెట్టాలి? ఆ క్రాక్‌లో ఇంకేం ఉందో ఎవరికి తెలుసు? ట్రయల్ యాంటీవైరస్ పాప్‌అప్ కంటే అది వందరెట్లు ప్రమాదం.

మేనకోడలి మెషీన్‌కి ముందుపనితో కలిపి రెండు గంటలు పట్టింది. వైఫై జాబితా మళ్లీ ఖాళీగానే వచ్చింది, ఈసారి డ్రైవర్లు జేబులో ఉన్నాయి. కంపెనీ యాప్‌లలో బ్యాటరీదాన్ని ఒక్కదాన్నే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తిరిగి వేసి, ఛార్జింగ్ 80 దగ్గర ఆగేలా పెట్టాను. పైవరస మీటలు డ్రైవర్‌తోనే పనిచేశాయి. రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది: “మామయ్యా, నా రూమ్మేట్‌ది కూడా చెయ్యమంటోంది. దాంట్లో ఇప్పటికే రికార్డులు, ప్రాజెక్టు ఫైళ్లు చాలా ఉన్నాయి.” ఆ అమ్మాయికి పెన్‌డ్రైవ్ జోలికి వెళ్లొద్దన్నాను. ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, కాలేజీ వైఫై మీద ‘కీప్ మై ఫైల్స్’ పెట్టి క్లౌడ్ రీసెట్ కొట్టమన్నాను.