యూజీసీ గుర్తింపు ఉన్న ఎంఏ అని నమ్మించి సర్టిఫికెట్ కోర్సు అంటగట్టారు: ఉపాధ్యాయ మిత్రులకు హెచ్చరిక

ఆన్‌లైన్‌లో ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో పీజీ చేయాలనుకుంటున్న తోటి ఉపాధ్యాయులు, ముఖ్యంగా ప్రైవేటు పాఠశాలల్లో పనిచేస్తున్నవారు, ఒక్క రూపాయి కట్టేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో దాని పోస్టరు కనిపించని వారం ఉండదు కాబట్టి ఎవరి గురించి చెబుతున్నానో చాలామందికి అర్థమవుతుంది. రెండేళ్ల ఎంఏ అని చెప్పి నా పేరు మీద 1,65,000 రూపాయల అప్పు చేయించారు. నేను చేరింది ఎంఏలో కాదని, ఏ విశ్వవిద్యాలయం రికార్డులోనూ విద్యార్థిగా నా పేరు లేదని నిన్న మధ్యాహ్నం తెలిసింది. సాయంత్రం వాళ్లకు ఫోన్ చేసి అడిగితే వచ్చిన సమాధానం విన్నాక రాత్రంతా కన్ను మూతపడలేదు.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూలులో ఫిజిక్స్ చెబుతాను. కరోనా కాలంలో బడులు మూతపడి, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చిన రోజులను మనలో ఎవరూ మరిచిపోలేదు. అప్పటి నుంచే నాతో పనిచేసిన కొందరు హైదరాబాదుకు వెళ్లి, డిజిటల్ పాఠాలు తయారుచేసే కంపెనీల్లో ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్లుగా కుదురుకున్నారు. బడి వదలకుండా, సాయంత్రాలు చదువుకుని నేను కూడా ఆ దారిలోకి వెళ్లాలనుకున్నాను. ఆ కోరికలో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. తప్పంతా దాన్ని పసిగట్టి సొమ్ము చేసుకున్నవారిదే.

కౌన్సెలర్‌నని పరిచయం చేసుకున్న యువకుడు మొదటి ఫోన్‌లోనే నన్ను అక్కా అని పిలిచాడు. తన తల్లి కూడా టీచరేనని, మన కష్టాలు తనకు తెలుసని అన్నాడు. ఇది యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆమోదించిన డిగ్రీ అని, ఎంఎడ్‌తో సమానంగా చెల్లుతుందని, వడ్డీ లేకుండా నెలనెలా వాయిదాల్లో కట్టుకోవచ్చని నమ్మకంగా చెప్పాడు. విశ్వవిద్యాలయం పేరు కూడా చెప్పాడు. నేను వెతికి చూశాను. అది నిజంగానే ఉంది, దానికి యూజీసీ గుర్తింపూ ఉంది, విద్యాసంస్థల నాణ్యతను పరిశీలించి న్యాక్ ఇచ్చే గ్రేడూ ఉంది. సరిగ్గా అక్కడే మనల్ని పడగొడుతున్నారు. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉండడం వేరు, అది ఫలానా కోర్సును ఆన్‌లైన్‌లో నడపడానికి అనుమతి ఉండడం వేరు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులపై 2020 సెప్టెంబరులో యూజీసీ తెచ్చిన నిబంధనల కింద, ఏ విశ్వవిద్యాలయం ఏ కోర్సు నడపవచ్చో యూజీసీలోని దూరవిద్యా విభాగం, అందరూ డెబ్ అని పిలిచేది, జాబితాలో పెడుతుంది. ఆ జాబితాలో లేని కోర్సుకు గోడ మీద ఎంత పెద్ద న్యాక్ గ్రేడు రాసుకున్నా విలువ లేదు. ఇక ఎంఎడ్ మాటకు వస్తే, అది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపుతో నడిచే కోర్సు. ఎవరో ఒక కౌన్సెలర్ ఫోన్‌లో సమానమన్నంత మాత్రాన ఏ కోర్సూ ఎంఎడ్ అయిపోదు.

ఆ కంపెనీ పంపిన ప్రవేశ పత్రం ఇప్పుడు నా ముందే ఉంది. కుడివైపు పైన విశ్వవిద్యాలయం చిహ్నం, ఎడమవైపు అంతే పరిమాణంలో కంపెనీ చిహ్నం, మధ్యలో బంగారు రంగు గీత కింద నా పేరు ఉన్నాయి. అడుగున సంతకం మాత్రం కంపెనీ ప్రోగ్రామ్ డైరెక్టరుది. రిజిస్ట్రారు సంతకం గానీ, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ నంబరు గానీ ఎక్కడా లేవు. ఉన్న నంబరు కంపెనీ తనకు తాను వేసుకున్నది. ఫీజు రసీదులో ట్యూషన్ ఫీజు అన్న పద్దే లేదు, అకడమిక్ సేవల రుసుము అని ఉంది. మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విశ్వవిద్యాలయాలకూ, పార్లమెంటు చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థలకూ మాత్రమే ఉంది. కంపెనీ ఇవ్వలేదు. అందుకే ఆ పత్రంలో ఎంఏ అన్న మాట ఎక్కడా రాకుండా అంత జాగ్రత్తగా తయారుచేశారు.

తరగతుల గురించి ఎక్కువ చెప్పను. యూజీసీ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ కోర్సులో వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ మూల్యాంకనం, సందేహాలు తీర్చే చర్చా వేదిక అనే నాలుగు భాగాలూ ఉండి తీరాలి. మాకు ఇచ్చినవి ఎప్పుడో జరిగిన వెబినార్ల రికార్డింగులు. చర్చా వేదిక తెరిచి చూస్తే, మాకంటే ముందు చేరిన విద్యార్థులు అడిగిన ప్రశ్నలు ఒక్కదానికీ జవాబు లేకుండా వరుసగా పడి ఉన్నాయి. పాఠ్య ప్రణాళికలో విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశల యాడీ నమూనా ఉంది, టెక్నాలజీ, బోధన పద్ధతి, విషయ పరిజ్ఞానం మూడింటినీ కలిపి చూసే, మిశ్రా, కోలర్ 2006లో ప్రతిపాదించిన టీప్యాక్ చట్రం ఉంది, ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా ఒక కోర్సు నిర్మించే ప్రాజెక్టు ఉంది. చెప్పినవాళ్లు లేరు, దిద్దినవాళ్లు లేరు. ఎనిమిదో తరగతి పిల్లల కోసం కాంతి పరావర్తనం మీద నేను తయారుచేసి పంపిన పాఠానికి మార్కులు నిమిషంలోపే తెర మీద పడ్డాయి. దాన్ని మనిషన్నవాడెవరూ తెరిచి కూడా చూడలేదన్నమాట. పిల్లలు ఎక్కడ తికమక పడతారో ఆలోచించి ఒక్కో బొమ్మనూ గీసిన నాకు అది ఎంత కష్టమనిపించిందో బడిలో పాఠం చెప్పేవాళ్లకు తెలుస్తుంది.

అసలు సంగతి బయటపడింది డెబ్ ఐడీ వల్ల. దూరవిద్యలో ఎంఏ చదువుతున్న సహోద్యోగిని ఒకరు మాటల మధ్య నా ఐడీ గురించి అడిగారు. 2024 సెప్టెంబరు విడత ప్రవేశాల నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్ కోర్సులో గానీ చేరేవారంతా తమ చదువు క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాతో డెబ్ పోర్టల్‌లో ఈ ఐడీ తీసుకోవడం తప్పనిసరి. నన్ను ఎవరూ అడగలేదు. మొదట్లో నేనే ఒకసారి ప్రస్తావిస్తే, అదంతా తరువాత మేమే చూసుకుంటాం అక్కా అని కౌన్సెలర్ దాటవేశాడు. నిన్న బడిలో ఖాళీ పీరియడ్‌లో నేరుగా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ విభాగానికే ఫోన్ చేశాను. అవతల ఉన్న ఉద్యోగిని మర్యాదగా మాట్లాడారు. నా నంబరు రెండుసార్లు చెప్పించుకుని, అది తమ నంబరు కాదమ్మా అన్నారు. తమ ఆన్‌లైన్ కోర్సుల్లో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ ఎంఏ లేనే లేదని, ఆ కంపెనీతో ఉన్నది ఒక సర్టిఫికెట్ కార్యక్రమం మాత్రమేనని, దాని పూర్తి పేరు చదివి వినిపించారు. అది నా ప్రవేశ పత్రంలో ఉన్న పేరే.

సాయంత్రం ఆ కౌన్సెలర్‌కు ఫోన్ చేశాను. చేరేదాకా అక్కా అన్న మనిషి నిన్న మేడమ్ అన్నాడు. విషయమంతా చెప్పి, ఎంఏ అని మీరే కదా చెప్పారు అని అడిగితే, మాస్టర్స్ స్థాయి కోర్సు అన్నానే గానీ డిగ్రీ అనలేదన్నాడు. వాట్సాప్‌లో తాను పంపిన మెసేజ్‌లో ఎంఏ డిగ్రీ అనే ఉందని నేను చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "మేడమ్, మీరు టీచరే కదా? షరతులన్నీ పీడీఎఫ్‌లో క్లియర్‌గా ఉన్నాయి. పది పేజీలు చదివి సంతకం పెట్టడం రాకపోతే ఇక పిల్లలకేం చెబుతారు?"

వెనక ఎవరో నవ్వడం కూడా వినిపించింది. నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తల్లిదండ్రులు కోప్పడ్డారు, యాజమాన్యం జీతం ఆపింది, కానీ నా చదువును, నా వృత్తిని పట్టుకుని ఇంత మాట అన్నవారు లేరు. పైగా అతను అన్నది పచ్చి అబద్ధం. అప్పు మంజూరైనట్టు రుణ సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది సాయంత్రం 6:10కి. ఆ పది పేజీల షరతుల పత్రం కంపెనీ నుంచి నా మెయిల్‌కు చేరింది అదే రాత్రి 9:40కి. డబ్బు చేతికి చిక్కిన తరువాత పంపిన పత్రాన్ని సంతకం పెట్టేముందు నేను ఎలా చదవగలను? ఆ రెండు సమయాలూ అతనికి చెప్పాను. చేతనైంది చేసుకోండి అని ఫోన్ పెట్టేశాడు. ఆ తరువాత నా నంబరును బ్లాక్ చేశాడు.

ఇక అప్పు సంగతి. వడ్డీ లేని వాయిదా అంటే కంపెనీయే మనకు గడువు ఇస్తున్నట్టు వినిపిస్తుంది. జరిగేది అది కాదు. ఒక బ్యాంకేతర ఆర్థిక సంస్థ మన పేరు మీద అప్పు ఇచ్చి, మొత్తం సొమ్మును ఒకేసారి కంపెనీకి చేరుస్తుంది. వడ్డీ భారాన్ని కంపెనీ ఫీజులో ముందే కలుపుకుంటుంది. రేపు తరగతులు ఆగిపోయినా, కోర్సు నకిలీదని తేలినా, అప్పు మాత్రం మనదే. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు పడిపోయేది మనకే. అప్పు కోసం వీడియోలో నా గుర్తింపు వివరాలు సరిచూసే కేవైసీ జరుగుతున్నంతసేపూ ఆ కౌన్సెలర్ ఇంకో ఫోన్‌లో లైన్‌లోనే ఉన్నాడు. ఈ రోజే ఆఖరు తేదీ అక్కా, వాళ్లు ఏం అడిగినా ఎస్ అనండి, లేకపోతే సీటు పోతుంది అని తొందరపెట్టాడు. ఆన్‌లైన్ కోర్సులో ఆఖరి సీటు ఏమిటని అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు. రిజర్వు బ్యాంకు 2025 మేలో జారీచేసిన డిజిటల్ రుణ ఆదేశాల ప్రకారం, ఒప్పందానికి ముందే వార్షిక వడ్డీ రేటుతో సహా ముఖ్య వివరాల పత్రం మన చేతికి ఇవ్వాలి. అప్పు తీసుకున్నాక కూడా కనీసం ఒక రోజు, జరిమానా లేకుండా అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ తిరిగి కట్టి బయటపడే గడువు ఉండాలి. ఈ ముక్క నాకు చెప్పినవారు లేరు. కంపెనీ స్వాగత కార్యక్రమం, మొదటి లాగిన్ అన్నీ ఆ గడువు దాటాకే జరిగాయి. అది యాదృచ్ఛికమని నేను నమ్మను.

చట్టం లేక ఇదంతా జరుగుతున్నట్టు కూడా కాదు. విశ్వవిద్యాలయాలు తమ ఆన్‌లైన్, దూరవిద్యా కోర్సులను ఆన్‌లైన్ చదువుల వ్యాపారం చేసే ఎడ్‌టెక్ కంపెనీలకు ఫ్రాంచైజీగా అప్పగించకూడదని యూజీసీ 2022 జనవరిలోనే బహిరంగ ప్రకటన ఇచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయాల పేరుతో ఎడ్‌టెక్ సంస్థలు అమ్మే డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో మరో హెచ్చరిక చేసింది. అదే సమయంలో, అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది కూడా. కాబట్టి ఆన్‌లైన్ చదువంటేనే మోసమని ఎవరూ అనుకోవద్దు. ఇగ్నోలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పీజీ డిప్లొమా ఉంది, ముంబైలోని ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో ఈ విషయానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ కింద కేంద్ర విద్యా సాంకేతిక సంస్థ 1984 నుంచి పనిచేస్తోంది. ఇది గట్టి విషయం, మన బడులకు పనికొచ్చే విషయం. నా కోపమంతా దాని పేరుతో టీచర్ల జీతాలు దోచుకునేవాళ్ల మీద.

నిన్న రాత్రే రుణ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా మెయిల్ పంపాను. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళతాను. 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పాను. కంపెనీ షరతుల్లో వివాదాలన్నీ వేరే రాష్ట్రంలోని కోర్టులోనే అని ఉంది, కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, మనం కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే కేసు వేయడానికి ఫీజు కూడా లేదు.

చేరాలనుకునేవారు కౌన్సెలర్ మాట పక్కనపెట్టి, డెబ్ వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయం పేరుతో పాటు కోర్సు పేరు, ఆ విద్యా సంవత్సరం, ఆన్‌లైన్ విధానం అన్నీ కలిపి ఉన్నాయో లేదో చూడండి. ఫీజు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టండి. నాతో పాటు ఈ విడతలో చేరినవారు ఉంటే కౌన్సెలర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, అప్పు మంజూరు మెసేజ్, షరతుల మెయిల్ వచ్చిన సమయం ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పాత మెసేజ్‌లను తుడిచేసే గడువులు వాళ్లు పెట్టి ఉండవచ్చు. నా దగ్గరున్నవన్నీ ఇవ్వడానికి, కలిసి ఫిర్యాదు చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.