మా మిషనరీ రేడియో కేంద్రంలో సోలార్ విద్యుత్తు: ఏడేళ్ల వాడకం తరువాత

మా ఎఫ్‌.ఎం. కేంద్రం సోలార్ విద్యుత్తు మీద నడవడం మొదలై ఏడేళ్లు నిండాయి. సామగ్రి బిగించిన రోజు నుంచి నేటి వరకు దాని బాగోగులు చూస్తున్నది నేనే కాబట్టి, ఇదే పనికి సిద్ధపడుతున్న ఇతర పరిచర్యలవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ ఏడేళ్లలో ప్యానెళ్లు చెడిపోయి ప్రసారం ఆగిన రోజు ఒక్కటీ లేదు. మేము పడిన కష్టమంతా వాటి చుట్టూ ఉన్న సామగ్రి వల్ల, అంతకన్నా ఎక్కువగా ఆ సామగ్రిని ఒక రేడియో టవర్ పాదం దగ్గర పెట్టడం వల్ల వచ్చింది. ఇళ్ల మీద సోలార్ పెట్టించుకున్నవారు ఇచ్చిన మంచి సలహాలు మాకు సగం వరకే సరిపోయాయి.

అంతకు ముందు మాకు ఆధారం డీజిల్ జనరేటరే. ఉదయం 5 నుంచి రాత్రి 11 వరకు 18 గంటల ప్రసారానికి అది ఆగకుండా తిరగవలసి వచ్చేది. ఇంధనం అయిపోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా వాక్యం మధ్యలోనే ప్రసారం ఆగిపోయేది. సోలార్ అనగానే అందరూ ఎన్ని ప్యానెళ్లు కావాలని అడుగుతారు. మేము మాత్రం ముందు ఎంత విద్యుత్తు వృథా అవుతోందో చూశాం, ఆ పని ముందు చేయడం మా అదృష్టం. ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నా వరకు 40 మీటర్ల పొడవున ఆర్‌జీ 213 రకం సన్నని కేబుల్ ఉండేది. 100 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఆ పొడవులో దాదాపు 2.7 డెసిబెల్స్ నష్టం వస్తుంది, అంటే 300 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేది 160 వాట్లకు కాస్త పైన. దాని స్థానంలో అరంగుళం ఫోమ్ కేబుల్ వేశాక నష్టం 0.9 డెసిబెల్స్‌కు తగ్గింది, అదే 160 వాట్లు పైకి చేరడానికి కింద 200 వాట్లు సరిపోయాయి. ఒక్క కేబుల్ మార్పుతో ట్రాన్స్‌మిటర్ లోడు మూడో వంతు తగ్గింది. దీనివల్ల తప్పిన ప్యానెళ్లూ బ్యాటరీలూ లెక్క వేసుకుంటే, మొత్తం పనిలో ఇంతకన్నా లాభమైన నిర్ణయం మరొకటి లేదని నా అభిప్రాయం.

అలా తగ్గాక ట్రాన్స్‌మిటర్, స్టూడియో, ఇన్వర్టర్ స్వంత వాడకం అన్నీ కలిపి రోజుకు సుమారు 10 యూనిట్లు తేలాయి. దానికి 330 వాట్ల ప్యానెళ్లు 12, 2 వోల్టుల 500 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ సెల్స్ 24, ఒక ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి వీలైనంత శక్తి రాబట్టి బ్యాటరీని అదుపుగా ఛార్జి చేసేది), ఒక ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీని నునుపైన ఏసీగా మార్చేది) తీసుకున్నాం. 12 వోల్టులకు బదులు 48 వోల్టుల పద్ధతి ఎంచుకోవడం వల్ల అదే శక్తికి కరెంటు నాలుగో వంతే ఉంటుంది, అదే మందం తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతుకు పడిపోతుంది. మంచి ఎండ ఉన్న రోజు 14, 15 యూనిట్లు వస్తాయి. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటివని, ఎండలో అది 60 డిగ్రీలకు చేరితే డిగ్రీకి 0.4 శాతం చొప్పున దాదాపు 14 శాతం దిగుబడి తగ్గుతుందని మొదట్లో నాకు తెలియదు. అందుకే ప్యానెళ్ల వెనుక గాలి ఆడే ఖాళీ తప్పనిసరిగా వదలాలి.

మిషనరీ రేడియో తన విద్యుత్తును తానే పుట్టించుకోవడం కొత్త సంగతి కాదు. 1931 క్రిస్మస్ రోజున ఈక్వడార్ రాజధాని క్విటోలో మొదలైన హెచ్‌సీజేబీ అనే మిషనరీ రేడియో కేంద్రం, తరువాతి దశాబ్దాలలో ఆండీస్ పర్వతాలలో సొంత జలవిద్యుత్ కేంద్రం కట్టుకుని తన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లను నడిపింది. వారికి ఏరు ఉంది, మాకు ఎండ ఉంది. పని అప్పగించబడిన చోట దొరికే వనరునే నమ్ముకోవడంలో మేము వారి బాటలోనే నడుస్తున్నామని అనుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇక కష్టాల సంగతి. మొదటిది టవర్ నీడ. ప్యానెళ్లు బిగించినవారు భవనానికి దగ్గరగా, తీగ తక్కువ పడే చోటు చూసి నిలబెట్టారు. ఉదయం 8 నుంచి 10 వరకు టవర్ నీడ గడియారపు ముల్లులా ఒక వరుస నుంచి ఇంకో వరుసకు జరిగేది. అంత సన్నని నీడ ఏం చేస్తుందిలే అనుకున్నాం. మా అమరికలో మూడేసి ప్యానెళ్లు సిరీస్‌లో, అలాంటి వరుసలు నాలుగు సమాంతరంగా ఉన్నాయి. నీడ పడిన ప్యానెల్‌లో బైపాస్ డయోడ్ (నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కనుంచి పోనిచ్చేది) పని చేయగానే ఆ వరుస వోల్టేజి మిగిలిన వరుసలకన్నా తగ్గి, దాని నుంచి దాదాపు ఏమీ రాకుండా పోయేది. రాత్రి, తెల్లవారుజాము ప్రసారాల తరువాత బ్యాటరీ ఆకలిగా ఉండే సమయం అదే. రెండో ఏడాది మొత్తం చట్రాన్ని ఊడదీసి, సూర్యుడు ఏడాదిలో ఎక్కువ కాలం టవర్‌కు ఏ వైపు ఉంటాడో ఆ వైపుకు మార్చాం. నీడ ప్యానెళ్లను వదిలి రెండో దిక్కున పడటం మొదలైంది. తీగ ఎక్కువ పట్టినా ఆ మార్పు మొదటే చేసి ఉండవలసింది.

రెండో కష్టం గుర్తించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది, అందుకే దాన్ని వివరంగా చెబుతాను. కంట్రోలర్ తెర మీద రోజూ మధ్యాహ్నానికే బ్యాటరీ నిండినట్టు కనిపించేది. అయినా మబ్బు రోజుల్లో రాత్రి 9 దాటేసరికి ఇన్వర్టర్ తక్కువ వోల్టేజి హెచ్చరిక మోగించేది. సామగ్రి అమ్మినవారు బ్యాటరీలు పాతబడ్డాయన్నారు, రెండేళ్ల బ్యాటరీలు అలా ఎలా అవుతాయో వారు చెప్పలేకపోయారు. చివరికి ఒక సహోదరుడు ఆమ్ల సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ తెచ్చి సెల్స్‌ను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. నిండిన సెల్‌లో 1.265 దాటి ఉండవలసిన ఆమ్ల సాంద్రత చాలా సెల్స్‌లో 1.210 దగ్గరే ఆగింది. తెర నిండిందని చెబుతున్న బ్యాటరీ నెలల తరబడి పూర్తిగా నిండనే లేదు.

కారణం బ్యాటరీకి అతికించిన ఉష్ణోగ్రత సెన్సార్. దాని తీగ సుమారు 3 మీటర్లు, అంటే 100 మెగాహెర్ట్‌జ్ తరంగదైర్ఘ్యం అంతే పొడవు. మా ట్రాన్స్‌మిటర్ శక్తిని ఆ తీగ యాంటెన్నాలా అందుకుని కంట్రోలర్‌లోకి చేరవేసేది. బ్యాటరీ నిజంగా 30 డిగ్రీలు ఉంటే కంట్రోలర్ 48 డిగ్రీలని నమ్మేది. వేడి బ్యాటరీకి తక్కువ వోల్టేజి ఇవ్వాలన్నది నియమం కాబట్టి, సెల్‌కు డిగ్రీకి 4 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించుకుంటూ, 57 వోల్టుల వరకు ఎక్కించవలసినది 55.3 దగ్గరే ఆపేసేది. ప్రసారం లేని అర్ధరాత్రి తెర మీద 30 డిగ్రీలు కనిపించి, ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయగానే అది 48కి ఎగబాకడం కళ్లారా చూసినప్పుడే మాకు విషయం అర్థమైంది. పరిష్కారం చాలా చిన్నది: తీగను వీలైనంత కురచ చేశాం, షీల్డ్ ఉన్న తీగ వేశాం, తీగ మీదుగా వచ్చే రేడియో శక్తిని అడ్డుకునే ఫెర్రైట్ వలయాల గుండా రెండు చివర్లా చుట్టాం. అదే జాగ్రత్త ప్యానెళ్ల నుంచి వచ్చే తీగలకూ తీసుకున్నాం. ప్లస్, మైనస్ తీగలు దూరదూరంగా పరిచి ఉంటే అవి పెద్ద లూప్ యాంటెన్నాగా పని చేస్తాయి కాబట్టి రెండింటినీ కలిపి మెలితిప్పి ఇనుప పైపులో నడిపాం. అయితే నెలల తరబడి పూర్తిగా నిండక, అప్పటికే పలకల మీద సల్ఫేట్ పేరుకున్న సెల్స్ పూర్తిగా కోలుకోలేదు. ఈక్వలైజేషన్ ఛార్జి (సెల్స్ అన్నీ సమంగా నిండేందుకు ఇచ్చే అదనపు ఛార్జి) ఎన్నిసార్లు ఇచ్చినా, డిస్టిల్డ్ వాటర్ క్రమం తప్పకుండా పోసినా, అయిదో ఏట వాటిని మార్చక తప్పలేదు. ట్రాన్స్‌మిటర్ పక్కన ఛార్జ్ కంట్రోలర్ పెట్టేవారెవరైనా, తెర చెప్పిన అంకెను ట్రాన్స్‌మిటర్ ఆన్‌లో ఉన్నప్పుడూ ఆఫ్‌లో ఉన్నప్పుడూ విడివిడిగా చూడాలని గట్టిగా చెబుతున్నాను.

కొత్తగా తీసుకున్నది 16 సెల్స్, 280 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. అంకెల్లో పాత 24 యూనిట్లకు ఇది 14 యూనిట్లే అయినా, పాతదాన్ని సగానికి మించి వాడకూడదు, దీన్ని 80 శాతం వరకు వాడవచ్చు కాబట్టి చేతికి అందేది దాదాపు సమానమే. నీళ్లు పోయడం, ఆమ్లపు ఆవిరి, హైడ్రోజన్ కోసం వేరుగా గాలి ఆడే గది, ఇవన్నీ తప్పాయి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు దీన్ని ఛార్జి చేయకూడదన్నది మాత్రం చలి ప్రాంతాలవారు గుర్తుంచుకోవాలి.

మబ్బు రోజుల కోసం మేము అలవాటు చేసుకున్న పద్ధతి చాలా బాగా పని చేస్తోంది. బ్యాటరీ 40 శాతానికి దిగగానే ట్రాన్స్‌మిటర్‌ను 200 నుంచి 100 వాట్లకు తగ్గిస్తాం. శక్తి సగమైనా శ్రోత దగ్గర సిగ్నల్ బలం 30 శాతం వరకే తగ్గుతుంది; ప్రసార పరిధి అంచున ఉన్నవారికి తప్ప మిగిలినవారికి తేడా తెలియదు. రోజంతా అలా నడిపితే మూడు యూనిట్ల వరకు మిగులుతుంది. ముసురు మూడో రోజుకు చేరితే జనరేటర్ వేస్తాం. దాన్ని అమ్మేయమని కొందరు అన్నారు, నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

పిడుగు గురించి కూడా చెప్పాలి. ప్యానెళ్లకు విడిగా ఒక ఎర్త్ పిట్, టవర్‌కు విడిగా ఒకటి ఉండేవి. మూడో ఏట టవర్ మీద పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య ఏర్పడిన వోల్టేజి ఇన్వర్టర్ గుండా దారి వెతుక్కుని ఒక బోర్డును కాల్చేసింది. ఆ తరువాత రెండింటినీ భూమిలోనే మందపు రాగిపట్టీతో కలిపి, డీసీ, ఏసీ వైపులా సర్జ్ అరెస్టర్లు (హఠాత్తుగా వచ్చే అధిక వోల్టేజిని భూమిలోకి మళ్లించేవి) పెట్టాం. మరో రెండు సార్లు పిడుగు పడింది, ఒక అరెస్టర్ బలైంది, ఇన్వర్టర్‌కు మాత్రం ఏమీ కాలేదు.

చిన్న విషయాలు కొన్ని. ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు వేరువేరు తయారీలవి ఒకదానికొకటి బిగించినచోట ఒకటి వేడెక్కి కరిగింది, అన్నీ ఒకే తయారీవి ఉండాలి. డీసీ వైపు ఏసీ బ్రేకర్ వాడకూడదు, బ్రేకర్ తెరుచుకునేటప్పుడు లేచే డీసీ ఆర్క్ (మెరుపులాంటి నిప్పు) తనంతట ఆరదు. పక్షుల రెట్టలు వాన ఒక్కదానితో పోవు, పదిహేను రోజులకోసారి పొద్దున్నే, గాజు వేడెక్కకముందే కడుగుతాం.

ఏడో ఏట ఎండలో వరుసల కరెంటు కొలిచి మొదటి ఏడాది రాసుకున్న అంకెలతో పోల్చాను. తగ్గుదల ఉంది కానీ కొలిచే పనిముట్టు పొరపాటుకు దాదాపు సరిపోయేంతే. మొత్తం అమరికలో ఇప్పుడు నాకు నమ్మకం తక్కువగా ఉన్నది ఇన్వర్టర్ ఒక్కటే, ఎందుకంటే అది ఆగితే బ్యాటరీ నిండుగా ఉన్నా ప్రసారం ఆగుతుంది. అందుకే 48 వోల్టుల డీసీ మీద నేరుగా నడిచే ట్రాన్స్‌మిటర్ కోసం నిధి కూడబెడుతున్నాం. అది వస్తే స్టూడియో చీకటైనా, ముందే రికార్డు చేసిన ఆరాధన కార్యక్రమం బ్యాటరీ నుంచే శ్రోతలకు చేరుతుంది.