పాత ల్యాప్‌టాప్‌కి ఏది మేలు: విండోసా, లినక్సా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి చాలామంది నన్ను అడుగుతున్నది ఒకటే. ల్యాప్‌టాప్ బాగానే ఉంది, విండోస్ 11 మాత్రం ఎక్కనంటోంది, కొత్తది కొనాలా, విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కి మారాలా అని. నాదీ ఆరో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాపే. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచీ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. విండోస్ 10లోనే పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి గానీ, అది వాయిదా వేసుకోవడమే. నేను లినక్స్‌లో ఒక రకమైన మింట్‌కి మారి మూడు నెలలైంది.

మింట్ ఉచితం, పాత మెషిన్ మీద తేలిగ్గా నడుస్తుంది. ఇది అందరూ చెప్పేదే. తెలుగులో పని చేసేవాళ్లు మాత్రం ముందు చూసుకోవలసినవి రెండు: మీ వేళ్లకు ఏ కీబోర్డు అలవాటు, మీ పాత ఫైళ్లు ఏ ఫాంట్‌లో ఉన్నాయి.

తెలుగు అక్షరాలకు నేరుగా కీలుండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నవాళ్లకు బెంగ లేదు. విండోస్‌లో ఏ అక్షరం ఎక్కడుందో మింట్‌లోనూ అక్కడే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టే నాలాంటివాళ్లకే చిక్కు. విండోస్‌లో 2019 నుంచి వస్తున్న ఫొనెటిక్ కీబోర్డు పదాలు కూడా సూచిస్తుంది, దానికి చేయి అలవాటైపోయింది. మింట్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేసుకుంటే ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, యాపిల్ లేఅవుట్లు దొరుకుతాయి. నేను ఐట్రాన్స్ పెట్టుకున్నాను. అందులో పదాల సూచన లేదు. ణ, ళ కావాలంటే షిఫ్ట్ నొక్కాలి. మొదటి రెండు వారాలు ‘కళ’ కొడితే ‘కల’ పడేది. ఒక పేరా పూర్తయ్యేసరికి ఎంత చిరాకొచ్చేదో! మళ్లీ విండోస్ వేసేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఇప్పుడు చేయి కుదిరింది, పైగా ప్రతి అక్షరం నేనే కొడుతున్నాను కాబట్టి తప్పులు తగ్గాయి.

వర్డ్‌లో గౌతమి, నిర్మల ఫాంట్లతో చేసిన ఫైళ్లు మింట్‌లో వర్డ్‌కి బదులుండే లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే, ఆ ఫాంట్లు లేక లైన్లు జరిగిపోతాయి. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు రెండు చోట్లా వేసుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది.

ప్రింటింగ్‌కి వాడే అనూ తెలుగు ఫాంట్లతో పని చేసే డీటీపీ వాళ్లకు మాత్రం మింట్ వద్దనే చెబుతాను. అనూకి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌కి లినక్స్ వెర్షన్లు లేవు. ఆ ఫైళ్లలో ఉన్నవి తెలుగు అక్షరాల కోడ్‌లు కావు, వేరే కోడ్‌లకు తెలుగు ఆకారాలు తొడిగినవి. ఫాంట్ లేనిచోట తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, మొత్తం ప్రూఫ్ చూడాల్సిందే. మా మామయ్య దగ్గర పదిహేనేళ్ల శుభలేఖల మ్యాటర్ అనూలోనే ఉంది. మింట్ వేసిపెట్టమని అడిగితే, ‘వద్దు మామయ్యా, విండోస్ 11 ఎక్కే కొత్త మెషినే కొనుక్కో’ అన్నాను.

ట్యాలీ మీద బతికేవాళ్లకూ విండోసే. మ్యాక్‌లో తెలుగు అందంగా కనిపిస్తుంది, కానీ ఉన్న ల్యాప్‌టాప్‌ని నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకు దాంతో పని లేదు.

యూనికోడ్‌లో రాసుకునేవాళ్లయితే మాత్రం నా ఓటు మింట్‌కే. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, మీరు రోజూ రాసే రెండు పేజీలు అందులో కొట్టి చూడండి. ప్రింటర్ కలిపి ఆ పేజీలు ప్రింట్ కూడా తీయండి. హార్డ్‌డిస్క్‌లో ఉన్నది అప్పటిదాకా ముట్టుకోవద్దు.