జాగ్రత్త: గోల్ఫ్ బంతుల్ని నున్నగా చేస్తాదని అమ్మే చేతి మెషీన్ కొనొద్దండి

మాది విజయనగరం, దాసన్నపేట వైపు. మా పాప తొమ్మిదో క్లాసు, రెండేళ్ళ నుంచి గోల్ఫ్ నేర్చుకుంటాంది. ఇక్కడ గ్రౌండ్ లేదు కాబట్టి ప్రతి ఆదివారం తెల్లారకముందే ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి, విశాఖపట్నం హనుమంతవాకలో దిగి, అక్కణ్ణించి ఆటోలో ముడసర్లోవ గోల్ఫ్ గ్రౌండుకి తీసుకెళ్తాను. ఈ ఆటకి ఖర్చెంతో పిల్లల్ని తిప్పే అమ్మానాన్నలకి నేను చెప్పక్కర్లేదు. క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, సెకండ్ హ్యాండ్‌వి ఎలాగోలా దొరుకుతాయి గానీ బంతులే మనిషిని నలిపేస్తాయి, ఎందుచేతంటే అవి పోతూనే ఉంటాయి, తుప్పల్లో పోతాయి, నీళ్ళలో పోతాయి. మంచి కొత్త బంతి ఒక్కోటి 350 పైమాటే. అంచేత మేం పాతవి డజన్ల లెక్కన కొంటాం, ఒక్కోటి యాభైకో అరవైకో వస్తాది, ఎర్రమట్టి మరకలూ గీతలూ ఉంటాయి, ఇంటికి తెచ్చి తోముకుని వాడుకుంటాం.

ఇదిగో ఈ తోముడు దగ్గరే నేను దెబ్బ తిన్నాను. మీరెవ్వరూ తినకూడదనే ఇంత పొడుగు రాస్తన్నాను, ఓపిగ్గా చదవండి.

ఫోన్లో ఒక యాడ్ వచ్చింది. చేత్తో పట్టుకునే మెషీన్, ట్రిమ్మర్ కన్నా కొంచెం లావు, ముందు ఒక గిన్నెలాంటిది ఉంటాది, అందులో బంతి పెట్టి మూత బిగించి బటన్ నొక్కితే బంతి గిర్రున తిరుగుతాది. దాంతో రెండు గిన్నెలిస్తారు. ఒకదాంట్లో బ్రష్ పళ్ళు, అది కడగడానికి. రెండోదాంట్లో లోపలంతా గరుగ్గా ఒక పొర, అది ‘స్మూత్’ చేయడానికంట. గీతలు పోతాయి, పాత బంతి కొత్తదవుతాది, నున్నగా ఉంటే గాలిలో జారిపోయి ఇంకా దూరం వెళ్తాది అని వీడియోలో చూపించేరు. 1,899 రూపాయలు. నెలకి డజను బంతులు మిగిలినా మూడు నాలుగు నెలల్లో డబ్బులు తిరిగొచ్చేస్తాయి కదా అని లెక్క వేసుకుని ఆర్డర్ పెట్టేను.

బాక్సు నాలుగో రోజుకి వచ్చింది. దాని మీద కంపెనీ పేరు లేదు, తయారు చేసినోళ్ళ అడ్రసు లేదు, ఎంఆర్‌పీ లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. అప్పుడే పక్కన పెట్టీసి ఉండాల్సింది. కానీ పాప పక్కనే నిలబడి ‘నాన్నా ఓపెన్ చెయ్యి నాన్నా’ అంటాంది, ఓపెన్ చేసేసేను, వీడియో కూడా తియ్యలేదు.

బ్రష్ గిన్నె బాగానే పని చేసింది, ఆ మాట కాదనను. సబ్బు నీళ్ళు పోసి తిప్పితే అరనిమిషంలో మట్టి పోయింది. ఆ ధైర్యంతోనే రెండో గిన్నె తగిలించి ఒకటి తర్వాత ఒకటి ఇరవై రెండు బంతులు తిప్పేసేను. చేతిలో మెషీన్ కాలిపోతాంది, పట్టుకునే చోట బ్యాటరీ ఉన్నట్టుంది, మధ్యలో రెండుసార్లు ఆపి చల్లారనిచ్చేను. మూత సందుల్లోంచి తెల్లటి పొడి వచ్చి లుంగీ మీదా చాప మీదా పడింది, ప్లాస్టిక్ కాలిన వాసన, మా అమ్మకి దగ్గు పట్టుకుని వీధరుగు మీదకి వెళ్ళి కూర్చుంది. బయటికి తీస్తే బంతులు మాత్రం తెల్లగా, గుడ్డు పెంకులా నున్నగా ఉన్నాయి. పాపకీ నాకూ సంతోషమే. ఆ ఊపులో పాపకి ప్రాక్టీసులో బాగా ఆడిందని కోచ్ గారు బహుమతిగా ఇచ్చిన మూడు కొత్త బంతులుంటే, ఒకదానికి చిన్న గీత పడిందని, ఆ మూడూ కూడా పెట్టీసేను. ఆ మూడూ గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు బాగోదు.

ఆదివారం వెళ్ళేం. పాప ఏడో నంబరు ఐరన్ అనే క్లబ్బుతో కొడితే మామూలుగా 110 గజాలు దాటుతాది. ఆవేళ బంతి లేచినట్టే లేచి, ఎవరో కిందికి లాగినట్టు దభీమని పడిపోయింది. ఇంకోటి కొట్టింది, అదీ అంతే, పైగా పక్కకి కొట్టుకుపోయింది. నాలుగో బంతికి పాప నా వైపు చూసింది, తన చెయ్యి పోయిందేమో అనుకుంది, కళ్ళల్లో నీళ్ళు. కోచ్ గారు వచ్చి సంచిలోంచి ఒక బంతి తీసి ఎండకేసి అటూ ఇటూ తిప్పి చూసేరు. నన్ను పిలిచి, ‘ఏవండీ, దీన్నేం చేసేరు? డింపుల్స్ ఏవి?’ అన్నారు.

డింపుల్స్ అంటే బంతి నిండా ఉండే చిన్న చిన్న గుంతలు. అప్పుడు దగ్గరగా చూసేను. బంతి చుట్టూ నడుం దగ్గర గుంతలు దాదాపు చెరిగిపోయి, వేలితో రాస్తే తగలటం లేదు. రెండు కొసల దగ్గర మాత్రం కాస్త మిగిలేయి, అంటే గిన్నెలో ఒకే వైపు తిరిగి ఒకే చోట ఎక్కువ అరిగింది. బంతి మీద ఎర్రగా 3 అని అంకె ఉండేది, దాని తోక మాత్రమే మిగిలింది. పైన మెరిసే పూత ఎగిరిపోయి లోపలి తెలుపు బయటపడింది, చాక్‌పీసులా చేతికి అంటుకుంటాంది.

కోచ్ గారు ఆవేళ నాకు చెప్పింది మీకూ చెప్తాను, ఈ సంగతి తెలిస్తే ఆ యాడ్ చూడగానే ఎవరికైనా అర్థమైపోతాది. గోల్ఫ్ బంతికి గుంతలు అందం కోసం కాదు. ఎక్కువ బంతుల మీద 300 నుంచి 400 దాకా ఉంటాయి, లోతు దాదాపు పావు మిల్లీమీటరు, పిల్లల నోటుబుక్కు కాగితాలు మూడు కలిపితే ఎంత మందమో అంతే. ఆ కాస్త లోతే మొత్తం పని చేస్తాది. నున్నటి బంతి గాల్లో పోతన్నప్పుడు దాన్ని అంటుకుని వచ్చే గాలి పొర తొందరగా విడిపోతాది, వెనకాల పెద్ద ఖాళీ ఏర్పడి అది బంతిని వెనక్కి లాగుతాది. గుంతలుంటే ఆ పొర చిన్న చిన్న సుడులు తిరుగుతూ బంతిని ఇంకొంచెంసేపు పట్టుకునుంటాది, వెనకాల ఖాళీ తగ్గిపోతాది, లాగుడు తగ్గుతాది. పైగా వెనక్కి తిరిగే స్పిన్నుతో బంతిని పైకి లేపేది కూడా ఆ గుంతలే. అసలు గుంతల్లేని నున్నటి బంతి, గుంతలున్న దాంట్లో సుమారు సగం దూరమే వెళ్తాదంట. వెనకటికి 1848 ప్రాంతంలో గట్టపర్చా అనే చెట్టు పాలతో చేసిన బంతులొచ్చినప్పుడు అవి నున్నగానే ఉండేవి, వాడి వాడి దెబ్బలు తగిలి గీతలు పడినవే కొత్తవాటి కన్నా బాగా ఎగురుతున్నాయని ఆటగాళ్ళే కనిపెట్టేరు, తర్వాత కావాలనే గీతలు చెక్కించుకునేవారు. 1905లో ఇంగ్లండులో విలియం టేలర్ అనే ఆయన ఈ గుంతల డిజైనుకి పేటెంటు తీసుకున్నాడు. అంటే నూట ఇరవై ఏళ్ళ కిందట తేలిపోయిన విషయాన్ని తలకిందులు చేసి నాకు 1,899కి అమ్మేరన్నమాట.

మనూళ్ళో క్రికెట్ తెలియని ఇల్లుండదు, 1936లో ఇంగ్లండు టూరుకి ఇండియా కెప్టెనుగా వెళ్ళిన విజ్జీ ఊరు మనది. బంతిని ఒక వైపు ప్యాంటుకి రుద్ది మెరిపిస్తే స్వింగవుతాదని చిన్న పిల్లలు కూడా చెప్తారు. నా బుర్రలోనూ ఆ క్రికెట్ లెక్కే ఉండిపోయింది, నున్నగా ఉంటే మంచిదే కదా అని. గోల్ఫ్ బంతి లెక్క వేరు, అది మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి.

నాకు అనుమానం తీరక మర్నాడు రింగ్ రోడ్డులో తెలిసిన లేత్ షాపుకి తీసుకెళ్ళి వెర్నియర్‌తో కొలిపించేను. తిప్పని బంతి 42.7 మిల్లీమీటర్లు వచ్చింది. తిప్పింది నడుం దగ్గర 42.4. గంటస్తంభం దగ్గర బంగారం కొట్లో తూకం వేయిస్తే తిప్పనిది 45.6 గ్రాములు, తిప్పింది 45.1. ఆ కొట్టాయన చాలాసేపు తూకం వంకే చూసి ‘అరగ్రాము పోయిందండి’ అన్నాడు. రూల్ ప్రకారం గోల్ఫ్ బంతి 42.67 మిల్లీమీటర్ల కన్నా చిన్నది ఉండకూడదు, 45.93 గ్రాముల కన్నా బరువు ఉండకూడదు. బరువు తగ్గితే ఫర్లేదు గానీ సైజు తగ్గితే ఆ బంతి ఇంక గోల్ఫ్ బంతే కాదు.

పోటీలకి వెళ్ళే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ముక్క మరీ జాగ్రత్తగా చదవండి. గోల్ఫ్ రూల్స్‌లో 4.2 అని ఉంది. బంతి తీరు మారేలాగ కావాలని గీకినా, వేడి చేసినా, ఏదైనా పూసినా, ఆ బంతితో షాట్ కొడితే శిక్ష ఒక స్ట్రోకో రెండు స్ట్రోకులో కాదు, డిస్‌క్వాలిఫై. కడగడం వేరే విషయం, కడిగితే తప్పు లేదు. ఆటలో కూడా గ్రీన్ మీద, అంటే బంతి పడాల్సిన రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి మీద, ఉన్న బంతిని మార్క్ పెట్టి ఎత్తి తుడుచుకోవచ్చు, మిగతా చోట్ల మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు తుడవకూడదు. మా పాపకి ఆ నెలాఖరున ఒక చిన్న పోటీ ఉంది. కోచ్ గారు ఆవేళ చూడకపోతే ఇవే బంతులు సంచిలో వేసుకుని వెళ్ళేవాళ్ళం. పద్నాలుగేళ్ళ పిల్లని పదిమందిలో నిలబెట్టి నీ బంతి తప్పు, పక్కకి రా అంటే ఆ పిల్ల ఏమైపోతాది? నేను తెచ్చిన మెషీన్ వల్ల కదా అది.

ఇక డబ్బుల సంగతి. రిటర్న్ పెడితే ‘వాడిన వస్తువు వెనక్కి తీసుకోం’ అన్నారు. వాడకుండా పాడని ఎలాగ తెలుస్తాదండి? ఫొటోలు పంపేను, లేత్ షాపు కొలతలు రాసి పంపేను, జవాబు లేదు. చాట్‌లో రోజుకో మనిషి వస్తాడు, మళ్ళీ మొదట్నించీ చెప్పమంటాడు. ఆఖరికి 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టేను, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి 2020లో వచ్చిన రూల్స్ ఉన్నాయి. కంప్లయింట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి, అమ్మినోడి పేరూ అడ్రసూ కనిపించేలా పెట్టాలి. ఈ మాటలు రాసి పెట్టిన తర్వాతే వాళ్ళు కదిలేరు, సగం డబ్బులు ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. మెషీన్ డబ్బులు మొత్తం రావాలి, పోయిన బంతుల సంగతి కూడా తేలాలి. తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. బాక్సు, బిల్లు, అరిగిన బంతులు, ఆ పొడి కూడా ఒక కవర్లో దాచి ఉంచేను.

మరి బంతులు ఎలాగ శుభ్రం చేసుకోవాలి అంటే, మేం ఇప్పుడు చేస్తన్నది ఇదే. బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, పావుగంట నానబెట్టడం, పాత టూత్‌బ్రష్‌తో గుంతల్లో మట్టి పోయేదాకా మెల్లగా రుద్దడం, మంచినీళ్ళతో కడిగి పాత బనీనుతో తుడిచి నీడలో ఆరబెట్టడం. అంతే. మరుగునీళ్ళు వద్దు, బ్లీచింగ్ వద్దు, థిన్నర్ వద్దు, స్టీలు పీచు అస్సలొద్దు. గుంతల్లో మట్టి ఉండిపోయినా బంతి పక్కకి పోతాది కాబట్టి కడగడం మాత్రం మానకండి. ఎర్రమట్టి మరక కొంచెం మిగిలితే మిగలనివ్వండి, దాని వల్ల నష్టం లేదు. పైన చిన్న గీత ఉన్నా ప్రాక్టీసుకి బ్రహ్మాండంగా పనికొస్తాది. గీత అంచు లేచిపోయినా, పగులొచ్చినా పక్కన పెట్టీండి, దాన్ని అరగదీసి బాగు చేద్దామని మాత్రం చూడొద్దు.

ఇదే మెషీన్ వేరే వేరే పేర్లతో, వేరే రంగుల్లో వస్తాంది, నాకే మూడు రకాలు కనిపించేయి. పేరు చూడకండి, గరుకు పొరున్న గిన్నె ఉందా లేదా చూడండి. ‘స్మూత్’, ‘పాలిష్’, ‘రీస్టోర్’ అన్న మాటలు కనిపిస్తే వదిలేయండి. ఒట్టి బ్రష్ మాత్రమే ఉన్నదైతే మీ ఇష్టం, అది హాని చెయ్యదు, కానీ టూత్‌బ్రష్ చేసే పనే చేస్తాది.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆర్డర్ తేదీ, బాక్సు ఫొటో నాకు పంపండి, నలుగురం కలిపి పెడితే కంప్లయింట్‌కి బలం వస్తాది. శ్రీకాకుళం నుంచి కూడా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆదివారాలు వస్తన్నారు, వాళ్ళ నాన్నలకి కూడా ఇది చేరేలా చూడండి. ఆ ఇరవై అయిదు బంతుల్లో ఒకటి మా పాప టేబుల్ మీద పెట్టుకుంది, కోచ్ గారిచ్చిన మూడింట్లో ఒకటి. మిగతావి కేసు తేలేదాకా సంచిలోనే ఉంటాయి.